46 ఏళ్లకే నెలసరి గాడి తప్పింది, ఒళ్లంతా ఆవిర్లు: గర్భసంచి తీయించుకోవాల్సిందేనా?

సిరిమల్లె46 | సోమవారం, రాత్రి 10:20
అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. మాది నల్గొండ. బ్యాంకులో క్యాష్ కౌంటర్ చూస్తాను. ఏడాదిగా నెలసరి సరిగ్గా లేదు. రెండు నెలలు రాదు, వచ్చిందంటే పది రోజులైనా ఆగదు, గడ్డలు గడ్డలుగా పోతుంది. దానికి తోడు ఆవిర్లు. నోట్లు లెక్కపెడుతుండగానే ఛాతీ దగ్గర సెగ మొదలై మెడ, చెవులు, ముఖం మీదికి ఎక్కేస్తుంది. జాకెట్టు వీపంతా తడిసిపోతుంది. రెండు మూడు నిమిషాలకు తగ్గి వెంటనే చలి పుడుతుంది. ఎదురుగా నిలబడ్డ కస్టమర్ "బీపీ ఉందా మేడమ్?" అంటాడు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. పొద్దున లేస్తే పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను.

ఇక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో స్కానింగ్ చేసి "చిన్న ఫైబ్రాయిడ్ గడ్డ ఉంది, లోపలి పొర మందంగా ఉంది. పిల్లలు పుట్టారు కదా, ఇంకెందుకు గర్భసంచి? తీసేస్తే పీడా పోతుంది, రేపు క్యాన్సర్ అయితే కష్టం" అన్నారు. వచ్చే వారం డేట్ ఇచ్చారు. మా అత్తగారు, ఇద్దరు తోటికోడళ్లు అందరూ తీయించుకున్నవాళ్లే. నాకెందుకో మనసు ఒప్పడం లేదు. తీసేస్తే ఈ ఆవిర్లు కూడా పోతాయా?

గోదారమ్మ | సోమవారం, రాత్రి 10:51
తల్లీ, ఆ డేట్ ముందు వాయిదా వేయించు. ఆవిర్లు పోవడం సంగతి అటుంచి, కొన్నిసార్లు ఎక్కువవుతాయి.

నాకు 38 ఏళ్లకు ఆపరేషన్ చేశారు. గర్భసంచితో పాటు అండాశయాలు రెండూ తీసేశారని ఇంటికొచ్చాక డిశ్చార్జి కాగితం చదివితే తెలిసింది. ముందుగా ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. కుట్లు మానకముందే ఆవిర్లు మొదలయ్యాయి, అదీ మామూలుగా కాదు. రాజమండ్రి ఎండల్లో క్లాసులో పాఠం చెబుతూ కుర్చీ పట్టుకుని నిలబడేదాన్ని. 55 దాటాక బాత్రూంలో జారితే మణికట్టు విరిగింది. అప్పుడు డెక్సా స్కాన్ తీసి ఎముకలు బాగా గుల్లబారాయన్నారు. అండాశయాలు తీసేశాక ఇన్నేళ్లూ ఏ మందూ వాడలేదా అని ఆ డాక్టరు ఆశ్చర్యపోయారు. వాడాలని చెప్పినవాళ్లుంటే కదా!

ఎక్కడ చూపించుకున్నా "అండాశయాలు ఉంచుతారా, తీస్తారా?" అని అడుగు. జవాబు కాగితం మీద రాయించుకో.

విశాఖ_గైనిక్ | మంగళవారం, ఉదయం 6:40
సిరిమల్లె గారూ, 24 ఏళ్లుగా గైనకాలజీ ప్రాక్టీసులో ఉన్నాను. మిమ్మల్ని చూడకుండా మందు రాయను కానీ, మీ డాక్టరును ఏం అడగాలో తెలియడానికి ఇది రాస్తున్నాను.

మీకు ఇంకా మెనోపాజ్ రాలేదు. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్ వచ్చిందంటాం. పాశ్చాత్య దేశాల్లో అది సగటున 51 ఏళ్లకు వస్తుంది, మన దేశంలో 46, 47కే వచ్చేస్తోంది. మీరిప్పుడు దానికి ముందుండే దశలో ఉన్నారు. ఇది సగటున నాలుగేళ్లు ఉంటుంది.

ఈ దశలో అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోన్ మెల్లగా తగ్గుతూ పోదు. ఒక నెల ఆకాశానికి ఎక్కుతుంది, ఇంకో నెల పాతాళానికి పడుతుంది. కొన్ని నెలల్లో అండం విడుదలే కాదు. అండం విడుదలైతేనే ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ తయారవుతుంది, అదే గర్భసంచి లోపలి పొరను అదుపులో పెడుతుంది. అది లేక పొర పేరుకుపోయి, చివరికి ఒక్కసారిగా ఊడివస్తుంది. రెండు నెలలు రాకపోవడం, వస్తే ఆగకపోవడం ఇందుకే. ఇక ఆవిర్ల మూలం మెదడులో ఉంది. ఒంటి వేడిని చూసుకునే హైపోథాలమస్‌కు ఈస్ట్రోజెన్ తగ్గితే ఓర్పు తగ్గిపోతుంది. కాస్త వేడి పెరిగినా ఏదో ప్రమాదం అన్నట్టు రక్తనాళాలు విప్పి చెమట పట్టిస్తుంది. గర్భసంచి తీసినంత మాత్రాన ఇది ఆగదు. పైగా అండాశయాలు ఉంచినా, ఆపరేషన్ అయినవాళ్లకు మెనోపాజ్ కొంచెం ముందే వస్తుంది.

అలాగని మీ బ్లీడింగ్‌ను తేలిగ్గా తీసుకోకండి. 45 దాటాక ఇలా పోతుంటే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. క్యాన్సర్ భయం ఉందో లేదో అది చెబుతుంది. ఆ పరీక్ష చేయకుండా "రేపు క్యాన్సర్ అయితే" అని ఆపరేషన్‌కు డేట్ ఇవ్వడం నాకు అర్థం కాదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూపించండి. థైరాయిడ్ తేడా చేసినా చెమటలు, గుండెదడ, నెలసరి తప్పడం అచ్చం ఇలాగే ఉంటాయి.

బయాప్సీ బాగుంటే దారులు చాలా ఉన్నాయి. బ్లీడింగ్ రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది, కొన్ని నెలలు ప్రొజెస్టెరాన్ మాత్రలు వాడొచ్చు, లేదంటే హార్మోన్ లూప్ వేయించుకోవచ్చు. కాపర్-టి లాగే లోపల పెడతారు కానీ ఇది రోజూ కొద్దికొద్దిగా హార్మోన్ వదులుతుంది. మొదటి మూడు నాలుగు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపించి విసిగిస్తుంది, ఆ తర్వాత చాలామందికి బ్లీడింగ్ బాగా తగ్గిపోతుంది. చిన్న ఫైబ్రాయిడ్లు మెనోపాజ్ తర్వాత వాటంతట అవే కుంచించుకుపోతాయి.

గర్భసంచి తీయక తప్పని సందర్భాలు ఉన్నాయి. వారానికి రెండు మూడు చేస్తాను కూడా. కానీ అది చివరి మెట్టు.

నర్సక్క_ఏలూరు | మంగళవారం, ఉదయం 8:15
డాక్టరు గారు చెప్పినది ప్రతి ఊరి రచ్చబండ మీద చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చూడండి. 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. మన ఆడవాళ్ల గర్భసంచులకే ప్రత్యేకంగా ఇంత జబ్బు రాదు కదా.

నేను ఇల్లిల్లూ తిరిగే పనిలో ఉన్నాను. 30 ఏళ్ల పిల్లలు "పెద్దాపరేషన్ అయిపోయిందక్కా" అని చెబుతారు. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని, పొలం పనికి నెలసరి అడ్డమని, కారణాలు ఇవీ. కేంద్రం 2022లో అనవసరపు ఆపరేషన్లు ఆపడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయమని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలకు చెప్పింది. కాగితం మీద ఉన్నది మన గడప దాకా రావాలంటే మనమే అడగాలి.

చెల్లీ, మెడికల్ కాలేజీ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లు. లైన్‌లో నిలబడాలి, నిజమే. కానీ బయాప్సీ అక్కడే అవుతుంది.

పల్నాటి_పెద్దమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:05
అందరూ చెప్పేది బాగానే ఉంది. మా అమ్మకు, మా నాయనమ్మకు ఏ మాత్రలు ఉన్నాయి? వయసు వస్తే ముట్లు ఆగుతాయి, నాలుగు రోజులు వేడి చేస్తుంది, మజ్జిగ తాగితే సర్దుకుంటుంది. ప్రతిదాన్నీ జబ్బు చేసి మందులు అమ్మే కాలం వచ్చింది. నాకు ఏ మందూ లేకుండానే గడిచిపోయింది.

గోదారమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:40
వదినగారూ, మీకు తేలిగ్గా గడిచినందుకు సంతోషం. అలా గడిచేవాళ్లు నిజంగానే ఉన్నారు. కానీ మా అమ్మ రాత్రిళ్లు వాకిట్లో మంచం వేసుకుని విసనకర్రతో కూర్చునేది. పగలు ఊరికే ఏడ్చేది. ఇంట్లో అందరం "అమ్మకు కోపం ఎక్కువైంది" అనుకున్నాం. నడుము వంగిపోయి పోయింది. మందు లేక భరించిందే తప్ప బాధ లేక కాదు.

విశాఖ_గైనిక్ | మంగళవారం, రాత్రి 9:30
పెద్దమ్మ గారి మాటలో సగం నిజం ఉంది. మెనోపాజ్ జబ్బు కాదు. బాధ లేనివాళ్లకు దాని కోసమని మందు అక్కర్లేదు. కానీ "నాలుగు రోజులు" మాత్రం కాదు. అమెరికాలో వేలమంది మధ్యవయసు స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనంలో, తరచుగా ఆవిర్లు వచ్చేవాళ్లలో సగం మందికి అవి ఏడేళ్ల పైనే ఉన్నాయి. అన్నేళ్లు నిద్ర లేకుండా ఉద్యోగం, సంసారం ఈడ్చమని ఎవరికీ చెప్పలేను.

ఇంగ్లండ్_కోడలు | బుధవారం, తెల్లవారు 3:10
లెస్టర్ నుంచి రాస్తున్నాను, ఇక్కడ రాత్రి ఇంకా పది కూడా కాలేదు. 49వ ఏట నాకు ఆవిర్ల కంటే మతిమరుపు, గుండెదడ భయపెట్టాయి. ఆఫీసు మీటింగ్‌లో మాట్లాడుతూ మధ్యలో మాట మరిచిపోయేదాన్ని, అల్జీమర్స్ ఏమో అనుకున్నాను. ఇక్కడి జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, రక్తపరీక్ష కూడా రాయలేదు. 45 దాటి లక్షణాలు కనిపిస్తుంటే హార్మోన్ పరీక్ష అక్కర్లేదట, రోజుకో రకంగా మారే అంకెను ఒక రోజు చూసి లాభం లేదట. పొత్తికడుపు మీద అంటించుకునే ఈస్ట్రోజెన్ ప్యాచ్, రాత్రి వేసుకోవడానికి ప్రొజెస్టెరాన్ మాత్ర ఇచ్చారు. నెల తిరిగేసరికి నిద్ర పట్టింది. మొదట్లో రొమ్ముల్లో సలపరం ఉండేది, తర్వాత తగ్గింది.

ఇండియాలో మా అక్కకు చెబితే "హార్మోన్లా! క్యాన్సర్ వస్తుంది" అని ఫోన్‌లోనే కేకలేసింది. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది డాక్టరు గారూ?

విశాఖ_గైనిక్ | బుధవారం, ఉదయం 6:25
2002 నుంచి. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద ప్రయోగంలో ఒక భాగాన్ని ఆ ఏడాది జూలైలో మధ్యలోనే ఆపేశారు. హార్మోన్లు రొమ్ము క్యాన్సర్ తెస్తాయని ప్రపంచమంతా పేపర్లలో వచ్చింది. రాత్రికి రాత్రి లక్షలమంది మాత్రలు మానేశారు. మా తరం డాక్టర్లం చాలామంది అవి రాయడమే మరిచిపోయాం.

ఆ లెక్క ఏమిటో చూడండి. 10,000 మంది ఏడాది పాటు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్ లాంటి మందు) కలిపి వాడితే, వాడనివాళ్ల కంటే రొమ్ము క్యాన్సర్లు 8 ఎక్కువ. అందులో చేరినవాళ్ల సగటు వయసు 63, అంటే మెనోపాజ్ వచ్చి పన్నెండేళ్లు అయినవాళ్లు. గర్భసంచి లేక ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగనే లేదు. తర్వాత ఏళ్ల తరబడి చేసిన విశ్లేషణల్లో తేలింది ఇది: 60 లోపు, లేదా మెనోపాజ్ వచ్చిన పదేళ్ల లోపు మొదలుపెడితే, బాధ ఎక్కువగా ఉన్న ఆరోగ్యవంతులకు మేలే ఎక్కువ. ఆవిర్లకు ఇంతకంటే బాగా పనిచేసే మందు లేదు. ఎముకలనూ కాపాడుతుంది.

గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు, లోపలి పొరకు క్యాన్సర్ ప్రమాదం. ప్రొజెస్టెరాన్ తోడుండాలి. నేను చెప్పిన హార్మోన్ లూప్ ఆ పని కూడా చేస్తుంది. అంటే సిరిమల్లె గారి లాంటివాళ్లకు లూప్‌తో బ్లీడింగ్, చర్మానికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్‌తో ఆవిర్లు, రెండూ అదుపులోకి రావొచ్చు. మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం కాస్త పెరుగుతుంది. జెల్, ప్యాచ్ మామూలు మోతాదులో ఆ ప్రమాదం పెంచినట్టు కనబడలేదు. బరువు ఎక్కువున్నవాళ్లకు నేను జెల్లే రాస్తాను.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, పక్షవాతం, గుండెపోటు వచ్చినవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, కారణం తేలని బ్లీడింగ్ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మందు కాదిది. మొదలుపెట్టే ముందు బీపీ, రొమ్ముల పరీక్ష, తర్వాత ఏటా ఒకసారి కూర్చుని ఇంకా కావాలా అని చూసుకోవడం తప్పనిసరి.

గోదారమ్మ గారిలా 40 లోపే అండాశయాలు పోయినవాళ్ల లెక్క వేరు. క్యాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, సహజంగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా వాళ్లకు హార్మోన్లు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎముకలు, గుండె రెండూ దెబ్బతింటాయి. ఆమెకు దక్కాల్సిన వైద్యం దక్కలేదు.

డల్లాస్_తెలుగింటి | బుధవారం, ఉదయం 9:05
2025 నవంబర్‌లో ఇక్కడ మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఈ హార్మోన్ మందుల మీద నల్లగీతల మధ్య రాసే తీవ్ర హెచ్చరికల్లో చాలావాటిని తీసేస్తామని ప్రకటించింది. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదన్నది మాత్రం ఉంచారు.

ఓరుగల్లు_గెలిచిన | బుధవారం, సాయంత్రం 7:20
నేను రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డాను. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ మాత్ర ఐదో ఏడు నడుస్తోంది. ఆవిర్లు ఎలా ఉంటాయంటే చలికాలంలో కూడా ఫ్యాన్ కింద పడుకుంటాను, మా ఆయన రగ్గు కప్పుకుని పక్క గదిలో. హార్మోన్ మందులు నేను వాడకూడదని తెలుసు. మరి నాలాంటివాళ్లు ఇలాగే ఉండాలా?

విశాఖ_గైనిక్ | బుధవారం, రాత్రి 9:50
అక్కర్లేదమ్మా. వెన్లాఫాక్సిన్ అనే మందు ఉంది. డిప్రెషన్‌కు వాడతారు కానీ తక్కువ మోతాదులో ఆవిర్లనూ తగ్గిస్తుంది. రాత్రి చెమటలు ఎక్కువైతే గాబాపెంటిన్ పనికొస్తుంది. మీ క్యాన్సర్ డాక్టరునే అడగండి. ఒక్కటి గుర్తుంచుకోండి: పారోక్సెటిన్ వద్దు. ఇదే ఆవిర్లకు 2013లో అమెరికాలో అనుమతి వచ్చిన మందే కానీ, టామోక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపానికి మారకుండా అడ్డుపడుతుంది. వేరే డాక్టరు ఎవరైనా తెలియక రాస్తే టామోక్సిఫెన్ వాడుతున్నానని చెప్పండి.

మెదడులోని ఆ వేడి కేంద్రం మీదే పనిచేసే ఫెజోలినెటాంట్ అనే హార్మోన్ లేని మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. లివర్ పరీక్షలు చేయించుకుంటూ వాడాలి. ఆలోచనలను, ఒత్తిడిని సర్దుకోవడం నేర్పే సీబీటీ అనే కౌన్సెలింగ్ కూడా ఆవిర్ల బాధ తగ్గిస్తుందని రుజువైంది.

ఖమ్మం_రైల్వే | గురువారం, ఉదయం 7:00
మగవాణ్ని, ఇక్కడ రాయొచ్చో లేదో. మా ఇంటావిడకు 48. ఏం మాట్లాడినా చిరాకు, లేదంటే కన్నీళ్లు. నేనేం చేయాలి?

నర్సక్క_ఏలూరు | గురువారం, ఉదయం 7:45
రాయాలి తమ్ముడూ, ఇంకా నలుగురు మగవాళ్లు రాయాలి. ఆమె రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతోందో చూడు. పొద్దున టిఫిన్ పని, క్యారేజీల పని నువ్వు అందుకుని ఇంకో గంట పడుకోనివ్వు. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లు. లోపల మాట్లాడేది ఆమెను మాట్లాడనివ్వు. రెండు మూడు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకుండా, బతకడం దండగ అన్నట్టు మాట్లాడుతుంటే మాత్రం అది ముట్ల చిరాకు అనుకోవద్దు, వెంటనే సైకియాట్రిస్టుకు చూపించు.

పేరు_చెప్పలేను | గురువారం, రాత్రి 11:35
ఈ విషయం ఎవరితోనూ అనలేదు. ముట్లు ఆగి ఆరేళ్లు. భర్తతో కలవాలంటే ఏడుపొస్తుంది, కోసినట్టు మంట. ఆయన వేరేగా అనుకుంటున్నారు. దానికి తోడు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తోంది, ప్రతిసారీ యాంటీబయాటిక్స్.

విశాఖ_గైనిక్ | శుక్రవారం, ఉదయం 6:15
రాసినందుకు సంతోషం తల్లీ. నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామందికి ఉంటుంది, నేను అడిగితేనే చెబుతారు. ఈస్ట్రోజెన్ లేక యోని లోపలి పొర పలచబడి పొడిబారుతుంది, మూత్రనాళం కూడా అంతే. ఆవిర్లలా ఇది కాలంతో తగ్గదు, వైద్యం లేకపోతే పెరుగుతుంది. ఎస్ట్రియాల్ క్రీమ్ ఉంది. మొదటి రెండు మూడు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు లోపల పెట్టుకోవాలి. రక్తంలోకి పోయేది చాలా తక్కువ, దీనికి ప్రొజెస్టెరాన్ తోడు అక్కర్లేదు. ఇన్‌ఫెక్షన్లు రావడమూ తగ్గుతుంది. కలిసేటప్పుడు లూబ్రికెంట్ జెల్ వాడండి. సబ్బుతో, డెట్టాల్‌తో లోపల కడగడం మానేయండి. మీ వారికి ఈ పోస్టు చూపించండి, మీకు ఇష్టం లేక కాదని ఆయనకు తెలియాలి.

పల్నాటి_పెద్దమ్మ | శుక్రవారం, ఉదయం 10:30
ఈ చివరిది నాకూ తెలియదు. మరి తిండి సంగతి ఎవరూ చెప్పరేం? శతావరి, సోయా అంటారు, నిజమేనా?

నర్సక్క_ఏలూరు | శుక్రవారం, మధ్యాహ్నం 2:10
సోయా కొందరికి కాస్త పనిచేస్తుంది, కొందరికి అసలు లేదు. శతావరికి గట్టి రుజువులు లేవు. "మూలికలే కదా" అని థైరాయిడ్, బీపీ మందులతో కలిపి డాక్టరుకు చెప్పకుండా వాడొద్దు. తిండి ఎక్కువగా ఉపయోగపడేది ఎముకలకు. ఈ వయసులో రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 350 దాకా ఉంటుంది. రాగిసంకటి, గ్లాసుల కొద్దీ మజ్జిగ, నువ్వుల పొడి, మునగాకు పప్పు, అన్నీ మన వంటింట్లోవే. ఎండ తగలని ఉద్యోగాలవాళ్లు విటమిన్ డి చూపించుకోవాలి. నడకతో పాటు బరువులెత్తే వ్యాయామం కూడా కావాలి, లీటరు నీళ్ల సీసాలు రెండు చాలు. కొందరికి కాఫీ, కారం, మద్యం ఆవిర్లను రేపుతాయి. ఎవరికి ఏది పడటం లేదో వాళ్లే కనిపెట్టాలి.

ఇంకోటి, నెలసరి తప్పుతోంది కదా అని గర్భం రాదనుకోవద్దు. 50 దాటినవాళ్లు చివరి నెలసరి తర్వాత ఏడాది, 50 లోపు ఆగినవాళ్లు రెండేళ్లు జాగ్రత్త పడాలి.

సిరిమల్లె46 | శనివారం, రాత్రి 9:15
అందరికీ దండాలు. డేట్ రద్దు చేయించాను. మా అత్తగారు మొదట గొణిగారు, గోదారమ్మ గారి పోస్టు చదివి వినిపిస్తే తన డిశ్చార్జి కాగితం వెతికి తెచ్చి "నాకేం తీశారో చూడు" అన్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో బయాప్సీ తీశారు, రిపోర్టు ఇంకా రాలేదు. హిమోగ్లోబిన్ 8.2 ఉంది, ఐరన్ మాత్రలు మొదలుపెట్టారు. లూప్ గురించి నేనే అడిగాను, రిపోర్టు చూసి మాట్లాడదామన్నారు.

కరీంనగర్_కూతురు | శనివారం, రాత్రి 10:40
మధ్యలో వచ్చి అడుగుతున్నాను, క్షమించండి. మా అమ్మకు 61, ముట్లు ఆగి పదేళ్లు దాటింది. పోయిన వారం రెండు రోజులు కొద్దిగా ఎర్రగా కనబడిందట. ఇప్పుడు లేదు. వేడి చేసి ఉంటుంది, అదే పోయిందిగా అంటోంది. మళ్లీ వస్తే చూపిద్దామా?

విశాఖ_గైనిక్ | శనివారం, రాత్రి 10:48
మళ్లీ వచ్చేదాకా ఆగొద్దమ్మా. మెనోపాజ్ తర్వాత ఒక్క చుక్క కనిపించినా, ఆగిపోయినా, చూపించాల్సిందే. చాలాసార్లు పొర పలచబడటం వల్లే అవుతుంది. కానీ పది మందిలో ఒకరికి క్యాన్సర్ ఉండొచ్చు, అదీ తొలిదశలోనే దొరికితే బాగా నయమయ్యేది. లోపలి నుంచి చేసే స్కానింగ్‌లో పొర 4 మిల్లీమీటర్లు దాటితే బయాప్సీ తీస్తారు. బీపీ, షుగర్ మందులు ఏం వాడుతున్నారో చీటీ మీద రాసి తీసుకెళ్లండి.

కరీంనగర్_కూతురు | శనివారం, రాత్రి 11:02
సోమవారం ఓపీకి తీసుకెళ్తాను. అమ్మకు షుగర్ ఉంది, చీటీ ఇప్పుడే రాస్తున్నాను.